మెస్‌లో టైఫాయిడ్ వాహకులు: అనంతపురం హాస్టళ్లు, మెస్సులు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

అనంతపురంలో కోచింగ్ కోసమో, డిగ్రీ కోసమో గదులు అద్దెకు తీసుకున్న పిల్లల్లో చాలామంది మూడు పూటలా మెస్సుల్లోనే తింటారు. అలాంటి ఒక మెస్‌లో వేసవిలో ఇద్దరికి టైఫాయిడ్ వస్తుంది. మూడు నాలుగు నెలలు ఏమీ ఉండదు. దసరా తర్వాత మరో ముగ్గురు మంచం పడతారు. నిర్వాహకుడు "సీజన్ జ్వరాలు" అని సర్దిచెప్పుకుంటాడు, పిల్లలు మెస్ మారుస్తారు, వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. ఇలా అప్పుడప్పుడూ కొద్దిమందికే జబ్బు వస్తున్న చోట అనుమానించాల్సిన వాటిలో ఒకటి దీర్ఘకాలిక వాహకులు. అంటే ఒంట్లో టైఫాయిడ్ క్రిములు ఉన్నా జ్వరం గానీ నీరసం గానీ లేకుండా రోజూ పనికి వచ్చేవారు.

ఇది మెస్ యజమానులకు, హాస్టల్ వార్డెన్లకు, పెళ్లిళ్ల వంట మాస్టర్లకు, వార్డు సచివాలయాల ఆరోగ్య సిబ్బందికి ఉద్దేశించినది. కర్నూలులోనైనా, కడపలోనైనా పద్ధతి ఇదే. మందుల నిర్ణయం మాత్రం ఎక్కడైనా వైద్యులదే.

వాహకులు అంటే ఎవరు

టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫీ. ఇది మనుషుల్లో మాత్రమే బతుకుతుంది. ఎలుక, ఆవు, కోడి లాంటివి దీన్ని మోయవు. కాబట్టి ప్రతి కొత్త కేసు వెనుకా ఎక్కడో ఒక మనిషి మలం, అది కలిసిన నీరో తిండో ఉండి తీరుతుంది. జ్వరం తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాలపాటు మలంలో క్రిములు పడుతూనే ఉంటాయి. చాలామందిలో అది దానంతటదే ఆగుతుంది. ఏడాది దాటినా ఆగకపోతే వారిని దీర్ఘకాలిక వాహకులుగా లెక్కిస్తారు. టైఫాయిడ్ సోకిన ప్రతి వందమందిలో సుమారు ఒకరి నుంచి ఐదుగురి వరకు ఇలా మిగిలిపోతారు.

క్రిములు దాక్కునే చోటు పిత్తాశయం. అక్కడ రాళ్లుంటే వాటిపై పొరలా పేరుకుంటాయి, మందు లోపలికి చొరబడదు. అందుకే పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారిలో, మహిళల్లో, వయసు పైబడినవారిలో వాహక స్థితి ఎక్కువ. మెస్సుల్లో వంటపని చేసేది ఎవరో ఒకసారి చూడండి, సంగతి అర్థమవుతుంది. పైగా వాహకుల్లో సుమారు నాలుగో వంతు మందికి తమకు ఎప్పుడో టైఫాయిడ్ వచ్చిందన్న గుర్తే ఉండదు. "నీకెప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందా?" అని అడిగి, లేదన్నవారిని జాబితా నుంచి కొట్టేయడం అందుకే పనికిరాదు.

మొదటి పని: జీతం సంగతి తేల్చండి

పరీక్షలతో మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో మొదలు పెట్టాల్సింది జీతాల పుస్తకంతో. పరీక్షలో దొరికితే పని పోతుందన్న మాట వంటగదిలో వినిపించిన రోజు నుంచి మీకు నిజమైన నమూనా రాదు. ఇంట్లో పిల్లాడిదో, పక్కింటి వాళ్లదో డబ్బాలో వచ్చేస్తుంది. లేదా ఆ మనిషి చెప్పకుండా మానేసి, నాలుగు వీధుల అవతల మరో మెస్‌లో చేరుతుంది. జబ్బు మీ దగ్గర తగ్గి అక్కడ మొదలవుతుంది.

ఇది వంద ఏళ్ల క్రితమే రుజువైంది. ఐర్లాండ్ నుంచి అమెరికా వెళ్లిన మేరీ మాలన్ వంటమనిషి. 1906లో న్యూయార్క్ దగ్గరి ఆయిస్టర్ బేలో ఆమె వండిపెట్టిన ఇంట్లో 11 మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. జార్జ్ సోపర్ అనే పారిశుద్ధ్య ఇంజినీరు ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్లను వరసగా వెతికి చూస్తే, దాదాపు ఎక్కడికి వెళ్తే అక్కడ జబ్బు కనిపించింది. 1907లో ఆమెను పట్టుకెళ్లి ఒక దీవిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట ఇచ్చాక 1910లో వదిలారు. బట్టలుతికే పని దొరికింది, వంటలో వచ్చేంత డబ్బు అందులో రాలేదు. పేరు మార్చుకుని మళ్లీ వంటకే వెళ్లింది. 1915లో ఆమె వండుతున్న ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి జబ్బు వచ్చి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత 1938లో చనిపోయేదాకా ఆమె ఆ దీవిలోనే ఉంది. ఆ కాలానికి న్యూయార్క్‌లో గుర్తించిన వాహకులు నాలుగు వందలకు పైనే. వారెవరినీ అలా జీవితాంతం బంధించలేదు. ఆమె మొండిదని, అందుకే అలా జరిగిందని రాసేవారు ఉన్నారు. వంటకు సమానమైన జీతంతో మరో పని ఎవరూ చూపించలేదన్న సంగతి నాకు అంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

కాబట్టి సిబ్బందిని కూర్చోబెట్టి ముందే చెప్పండి: ఎవరి ఫలితం ఎలా వచ్చినా జీతం తగ్గదు, పని మాత్రం కొంతకాలం మారుతుంది, పరీక్ష ఖర్చు మెస్‌దే. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే మరీ మంచిది. ఒక మనిషి జీతం మీకు భారంగా అనిపిస్తే, టైఫాయిడ్ మెస్ అని పేరుపడి ఖాళీ అయ్యే బెంచీల లెక్క కూడా పక్కనే వేసి చూడండి.

రెండో పని: జ్వరాల చిట్టా

ఒక నోటుపుస్తకం చాలు. జ్వరం వచ్చినవారి పేరు, జ్వరం మొదలైన తేదీ, ఎక్కడ ఉంటారు, మన దగ్గర ఏ పూట తింటారు, బయట ఎక్కడ తింటారు, ఏ పరీక్ష చేశారు. ముఖ్యమైనది మొదలైన తేదీ. క్రిమి కడుపులోకి వెళ్లిన తర్వాత సాధారణంగా ఒకటి రెండు వారాలకు జ్వరం వస్తుంది, ఒక్కోసారి నెల కూడా పడుతుంది. నిన్నటి కూర మీద అనుమానపడటం వృథా. రెండు వారాల వెనక్కి వెళ్లి చూడాలి.

ఇక్కడ విడాల్ పరీక్ష, అంటే రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీలను చూసే పరీక్ష, గురించి ఒక మాట. మన ఊళ్లలో రెండు రోజులు జ్వరం కాస్తే విడాల్ రాయడం, పాజిటివ్ అంటే టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించడం మామూలైపోయింది. పాత టైఫాయిడ్, వేరే ఇన్ఫెక్షన్లు కూడా ఆ పరీక్షను పాజిటివ్‌గా చూపించగలవు. నమ్మదగిన రుజువు రక్తం కల్చర్, అంటే నమూనాలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూడటం. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి. అది కూడా ప్రతిసారీ పట్టుకోదు గానీ, పాజిటివ్ వస్తే సందేహం ఉండదు, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది. చిట్టాలో కల్చర్‌తో తేలినవాటిని, విడాల్‌తో చెప్పినవాటిని వేర్వేరు రంగుల్లో రాసుకోండి.

చిట్టా నిండాక దాని ఆకారం చూడండి. వారం పది రోజుల్లో ఒకేసారి పదిహేను ఇరవై మంది పడితే అది ఎక్కువగా నీటి పని. ఇద్దరు, ముగ్గురు చొప్పున నెలల ఎడంతో వస్తుంటే, వాళ్లంతా ఒకే వంటగది తిండి తిన్నవాళ్లైతే, వాహకులను వెతకాలి.

మూడో పని: ముందు నీరు

మన దగ్గర టైఫాయిడ్‌కు పెద్ద దారి మురుగు కలిసిన నీరే. వంటమనిషి వైపు వేలు చూపే ముందు సంపు మూత ఎత్తి చూడండి. కుళాయి నీరు రోజు విడిచి రోజో, అంతకంటే ఎడంగానో వచ్చే కాలనీల్లో, నీరు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పోయి పగుళ్ల గుండా మురుగు లోపలికి చేరుతుంది. వేసవిలో ట్యాంకర్ నీరు ఎక్కడిదో అడిగేవారే ఉండరు.

సంపులో ప్రతి వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు రెండున్నర గ్రాములు. విడిగా బకెట్‌లో కలిపి, తేరనిచ్చి, పైతేట పోయండి. గంట ఆగాక వాడాలి. కుళాయి దగ్గర పట్టిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చుక్కలు వేసి రంగు చూసే కిట్ సచివాలయ సిబ్బంది దగ్గర ఉంటే అడగండి. మూత తెరిచి ఉంచిన పాత బ్లీచింగ్ పౌడరులో సత్తువ ఉండదు, ఎంత వేసినా లెక్కకు రాదు. ఆర్వో యంత్రం ఉంది కదా అని ధీమా పడేవారు, ఆ నీళ్లు పట్టిన డ్రమ్ములో చెంబు ముంచేది ఎవరో చూసుకోవాలి.

నాలుగో పని: పొయ్యి దిగాక తాకే చేతులు

ఉడికే కూరలో ఈ క్రిమి బతకదు. 70 డిగ్రీల వేడి దానికి సరిపోతుంది. చల్లదనానికి మాత్రం చావదు. ఆయిస్టర్ బేలో సోపర్ అనుమానించింది మేరీ చేసిన ఐస్‌క్రీమును, అందులో కోసి వేసిన పచ్చి పీచ్ పళ్లను. కాబట్టి మీ వంటగదిలో వెతకాల్సింది పొయ్యి మీద నుంచి దిగిన తర్వాత, లేదా అసలు పొయ్యి ఎక్కకుండా చేయి తగిలే పదార్థాలను.

మన తిండిలో ఇవి తక్కువేమీ కాదు. ఉగ్గానికి బొరుగులు నీళ్లలో నానబెట్టి చేత్తో పిండుతారు, తిరగమోతలో వేసి కలిపి దించేస్తారు. పైన పుట్నాల పొడి, నిమ్మరసం, పచ్చి ఉల్లిపాయ. వేడి తగిలేది కాసేపే. పక్కన బజ్జీ మరిగే నూనెలోంచి వస్తుంది, దానితో భయం లేదు. రాగి సంగటి మంట మీద బాగా ఉడికినదే, కానీ ముద్ద చేసేటప్పుడు చేయి కాలకుండా గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని ముంచుకుంటూ ఉంటారు. పూటంతా అదే గిన్నె, అవే నీళ్లు. వేరుశనగ చట్నీ, కొబ్బరి చట్నీ రుబ్బాక ఉడకవు. పెరుగు తోడు పెట్టే చేయి, మజ్జిగ చిలికే చేయి, ఉల్లిపాయ ముక్కలు, పెరుగుపచ్చడి, కోసిన పళ్లు, మంచినీళ్లు నింపడం. వీటన్నిటికీ ఎదురుగా ఆ పని ఎవరు చేస్తారో పేరు రాయండి. సెలవుల్లో బదులు వచ్చేవారిని మరవకండి. జ్వరాల చిట్టాలోని తేదీలకు రెండు వారాల ముందు ఎవరు డ్యూటీలో ఉన్నారో పక్కన పెట్టి చూడండి.

ఆ తర్వాత పదార్థాలను మార్చండి. సంగటికి నీళ్ల గిన్నె బదులు నెయ్యి రాసిన గిన్నెలో వేసి బోర్లించే పద్ధతి పెట్టవచ్చు. చట్నీని గరిటెతోనే తాకాలి. మరుగుదొడ్డి బయట, వంటగది గుమ్మం దగ్గర సబ్బు, కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టండి. నీటి కరువున్న చోట చెంబుతో ముంచుకునే తొట్టి కంటే సన్నని ధార కుళాయి నీళ్లనూ ఆదా చేస్తుంది. గోళ్లు కత్తిరించి ఉండాలి. ఇరవై సెకన్లు రుద్దాలి. ప్లాస్టిక్ చేతి తొడుగులు తొడిగి, వాటితోనే డబ్బు లెక్కపెట్టి, వాటితోనే పెరుగు వడ్డించడం చూస్తూనే ఉన్నాం. వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఐదో పని: మల పరీక్ష

వాహకులను ఖాయంగా చూపేది మలం కల్చర్. విడాల్ ఇక్కడ అసలు పనికిరాదు. వీఐ యాంటీబాడీ అనే రక్త పరీక్ష అనుమానాన్ని బలపరచగలదు, తీర్పు చెప్పలేదు. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి మైక్రోబయాలజీ విభాగంలో ఏ రోజుల్లో నమూనా తీసుకుంటారో మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి ద్వారా కనుక్కోండి. వారి చీటీ ఉంటే పని సులువవుతుంది.

పద్ధతి ఇది. శుభ్రమైన, పొడి, వెడల్పు మూతి డబ్బా. మూత్రం గానీ నీళ్లు గానీ కలవకూడదు. చెంచాడు చాలు. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. కల్యాణదుర్గం, ధర్మవరం లాంటి చోట్ల నుంచి పంపేటప్పుడు అది కష్టం కాబట్టి దారిలో క్రిములు చావకుండా కాపాడే కారీ బ్లెయిర్ ద్రవం ఉన్న గొట్టం ముందే తెప్పించుకోండి. యాంటీబయాటిక్ ఆపి కనీసం రెండు రోజులు గడవాలి. మందుల షాపులో అడిగి కొన్న మాత్రలు కూడా లెక్కలోకే వస్తాయి, గట్టిగా అడగండి. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది.

క్రిములు రోజూ ఒకేలా పడవు. ఒక్క నెగటివ్ కాగితం చూసి ఊపిరి పీల్చుకోకూడదు. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వాలి. మూత్రాశయంలో రాళ్లో, మూత్రనాళ సమస్యలో ఉన్నవారికి మూత్రం కల్చర్ కూడా చేయిస్తే మంచిది. యజమాని వంటగదిలోకి దిగి రుచి చూసే అలవాటున్నవాడైతే మొదటి డబ్బా ఆయనదే కావాలి. అప్పుడు మిగతావారు నవ్వుతూ ఇస్తారు.

ఆరో పని: ఫలితం చెప్పడం

పాజిటివ్ వస్తే నలుగురిలో చెప్పకండి, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. విడిగా కూర్చోబెట్టి చెప్పాలి, వీలైతే ఏఎన్ఎం పక్కన ఉండాలి. మాటలు ఇలా ఉండవచ్చు: "అక్కా, మీకు జబ్బు లేదు. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ క్రిములు పిత్తాశయంలో మిగిలాయి. ఇందులో మీ తప్పేమీ లేదు. మందుంది. అప్పటిదాకా స్టోరు మీరు చూసుకోండి, జీతం అంతే." తప్పు చేసినట్టు తల దించుకోవడం చాలామందికి సహజం. "నా చేతి తిండి తిని పిల్లలకు జబ్బు చేసిందా?" అని అడిగితే, కావచ్చు, ఇకపై ఆపగలం అని నిజమే చెప్పండి. అబద్ధం చెబితే చేతులు కడుక్కోవడం ఎందుకో అర్థం కాకుండా పోతుంది.

ఇంట్లో ఆమెకు కంచం వేరు పెట్టాల్సిన పని లేదు. పక్కన కూర్చుంటే, ముట్టుకుంటే అంటుకోదు. వంట మరొకరు చేయగలిగితే మంచిది, లేకపోతే సబ్బుతో చేతులు కడిగి వేడివేడిగా వండి పెట్టవచ్చు. మరుగుదొడ్డి తప్పనిసరి. ఇంట్లోవాళ్ల మలం కల్చర్ కూడా చేయించాలి.

ఇంకో సంగతి. హెపటైటిస్ బి వాహకులను కూడా ఇదే గాటన కట్టి వంటగదిలోంచి పంపేయడం జరుగుతోంది. అది తప్పు. హెపటైటిస్ బి రక్తం, లైంగిక సంబంధం, కాన్పు ద్వారా అంటుకుంటుంది. వండిపెట్టిన అన్నంతో రాదు.

ఏడో పని: పని మార్చడం

సరుకుల కొనుగోలు, స్టోరు లెక్కలు, గ్యాస్ బండల పని, డబ్బులు వసూలు చేయడం, ఆవరణ ఊడ్వడం ఇవ్వవచ్చు. వడ్డన, నీళ్లు పట్టడం, కంచాలు గ్లాసులు కడగడం, చట్నీ, పెరుగు వద్దు. "కూరగాయలు తరగడం వరకే" అని సడలించకండి, నాలుగో రోజుకు ఆమె చేతిలోకి ఉల్లిపాయలు వస్తాయి. అంగన్‌వాడీలో, బడి మధ్యాహ్న భోజనంలో, ఆసుపత్రిలో, వృద్ధుల సంరక్షణలో పనికి కుదరడం కూడా కూడదు. ఊళ్లో పెళ్లికి, తిరునాళ్లకు సాయం వంటకు పిలుస్తారు. అక్కడ వద్దనడం ఆమెకు కష్టం కాబట్టి, వద్దనడానికి ఏం చెప్పుకోవాలో ముందే ఆమెతో మాట్లాడి పెట్టండి.

ఎనిమిదో పని: చికిత్స

కడుపు స్కానింగ్ చేసి పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూస్తారు. రాళ్లు లేకపోతే, క్రిమి లొంగే మందును వారాల తరబడి వాడతారు. సిప్రోఫ్లోక్సాసిన్ అయితే నాలుగు వారాలు, అమోక్సిసిలిన్ లాంటివైతే ఆరు వారాల దాకా. మన దేశంలో సిప్రోఫ్లోక్సాసిన్‌కు చాలా క్రిములు లొంగడం లేదు, అందుకే కల్చర్ కాగితంలోని మందుల జాబితా చూడకుండా మొదలుపెట్టడం దండగ. రాళ్లుంటే మందు ఒక్కటే చాలకపోవచ్చు. పిత్తాశయం తీసేయడం గురించి సర్జన్ చెబుతారు. అదీ నూటికి నూరు శాతం హామీ కాదు. దీర్ఘకాలిక వాహకులకు పిత్తాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువ కాబట్టి ఈ చికిత్స ఆమె సొంత మేలు కోసం కూడా. ఖర్చు ప్రభుత్వ వైద్యసేవ పరిధిలోకి వస్తుందేమో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

తొమ్మిదో పని: కాగితాలు, చట్టం, టీకా

టైఫాయిడ్ కేసులను ప్రభుత్వ వ్యాధి నిఘా వ్యవస్థ లెక్కిస్తుంది. ఏఎన్ఎంకు, వైద్యాధికారికి చెబితే జిల్లా నిఘా విభాగానికి చేరుతుంది. దాచితే మీకేమీ మిగలదు. ఆహార భద్రత నిబంధనల ప్రకారం తిండి తయారుచేసేవారికి ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ వంటి పేగు జబ్బులకు టీకా ఉండాలి. మనిషిని చూడకుండానే సంతకం పెట్టి ఇచ్చే ధ్రువపత్రాలు ఉన్నాయని అందరికీ తెలుసు. అలాంటిది గోడకు వేలాడదీయడం కంటే ఆ డబ్బుతో సబ్బులు కొనడం నయం. రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. అంటువ్యాధి ఉన్నవారు తినుబండారాల వ్యాపారంలో ఉండకుండా చూసే ఆలోచన మనకు అప్పటి నుంచే ఉంది.

టీకా విషయంలో హైదరాబాద్‌లో తయారైన కాంజుగేట్ టీకా ఆరు నెలల పసివారి నుంచి ఒక్క డోసుతో పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడా పొందింది. వాహకుల ఇంట్లోవారికి, మెస్ సిబ్బందికి వేయించండి. వాహకుల ఒంట్లో ఉన్న క్రిములను మాత్రం ఏ టీకా తొలగించదు.

పదో పని: మళ్లీ వంటలోకి

మందు పూర్తయ్యాక నెలకొకటి చొప్పున వరసగా మూడు కల్చర్లు నెగటివ్ రావాలి. తేదీలు క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఒక్కటి పాజిటివ్ వచ్చినా లెక్క మళ్లీ మొదటి నుంచి. మూడూ నెగటివ్ అయితే వైద్యాధికారి దగ్గర రాతపూర్వకంగా తీసుకుని ఆమెను పాత పనిలోకి పిలవండి. ఏడాది గడిచాక మరోసారి పరీక్షించండి, ఆలోపు మెస్‌లో ఎవరికైనా టైఫాయిడ్ తేలితే వెంటనే. రెండు కోర్సుల తర్వాత కూడా క్రిములు పోనివారు కొందరు ఉంటారు. స్టోరు పనిని వారికి శాశ్వత ఉద్యోగంగా రాసివ్వండి, జీతం పెంచే ఏడాది వచ్చినప్పుడు వంట మాస్టర్‌కు పెంచినంతే వారికీ పెంచండి.